క్రీస్తు లేకుండా "మా ఆధ్యాత్మికత" ఎక్కడి నుంచి వచ్చింది?

సిస్టర్లు ఉండే ఒక కథోలిక మఠ సభ కొత్తగా వేసిన పరిచయ పత్రం ఇప్పుడే చదివాను. ఒళ్ళు మండిపోతోంది. "మా ఆధ్యాత్మికత" అని పెద్ద అక్షరాలతో శీర్షిక. దాని కింద విద్యాసేవ, ఆరోగ్యసేవ, మహిళా సాధికారత, పర్యావరణం, స్థాపకురాలి నినాదం. క్రీస్తు పేరు ఒక్కసారి కూడా లేదు! సభ ముద్రలో చిన్న సిలువ ఉంది, అంతే. ఇది పట్టుకుని దైవపిలుపు గురించి, అంటే సిస్టర్ కావడం గురించి ఆలోచిస్తున్న ఆడపిల్లల దగ్గరకు వెళ్తారట. ఆ పనులన్నీ పెళ్ళి చేసుకునీ చేయొచ్చు, జీతం తీసుకునీ చేయొచ్చు. మరి పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలెందుకు అని ఆ పిల్ల అడిగితే ఏం చెబుతారు?

సేవ వద్దని ఎవరూ అనడం లేదు. మార్కు సువార్త 3:14 తీసి చూడండి. పన్నెండుమందిని ప్రభువు ఎందుకు నియమించారు? తనతో ఉండటానికి, ఆ తర్వాత బోధించడానికి పంపటానికి. ఆ వరస మనం తిరగేశాం. "తనతో ఉండటం" పనులన్నీ అయ్యాక తీరికుంటే చేసేదైపోయింది.

ఇది నా సొంత పట్టుదల కాదు. ప్రపంచ కథోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న మఠ జీవిత నవీకరణ గురించి ఇచ్చిన డిక్రీ, సువార్త చూపే క్రీస్తును అనుసరించడమే అన్ని సభలకూ పరమ నియమమని చెప్పింది. 1983 కథోలిక శ్రీసభ చట్టం 662వ సూత్రంలో అదే మాట ఉంది. 663వ సూత్రమైతే ఇంకా సూటిగా, దైవ విషయాల ధ్యానం, ప్రార్థనలో దేవునితో ఎడతెగని ఐక్యత మఠవాసుల మొట్టమొదటి బాధ్యత అంటుంది. మొట్టమొదటిది! బడి ఫలితాలు కావు, ఆసుపత్రి పడకలు కావు.

స్థాపకుల పేరు చెప్పుకుని పండగలు చేస్తాం కదా, ఆ స్థాపకులు ఏం చూసి ఇల్లు వదిలారో చూడండి. పునీత బెనెడిక్టు నియమావళిలో 73 అధ్యాయాలు. 4వ అధ్యాయంలోనే క్రీస్తు ప్రేమ కంటే దేన్నీ మిన్నగా ఎంచవద్దన్నారు. అతిథిని ఎందుకు ఆదరించాలి? క్రీస్తే వచ్చినట్టు కాబట్టి, 53వ అధ్యాయం. రోగికి సేవ ఎందుకు? 36వ అధ్యాయం, అదే కారణం. ఫ్రాన్సిస్ సభకు 1223లో ఆమోదం పొందిన నియమావళి మొదలయ్యేదే మన ప్రభువైన యేసుక్రీస్తు పవిత్ర సువార్తను పాటించడమే మా జీవితం అని. సిలువ పౌలు అనే పునీతుడు స్థాపించిన సభలో మూడు వ్రతాలతో పాటు ప్రభువు శ్రమల స్మరణకు వేరే వ్రతమే ఉంది. ఒక్కో స్థాపకుడు ప్రభువు ముఖంలో ఒక్కో కోణం చూశాడు. ఆ చూపే సభకు ఆస్తి.

అన్నిటికంటే బాధ కలిగించేది, సేవ అనగానే మదర్ తెరిసా పేరెత్తి ప్రార్థన నోరు మూయించడం. ఆమె సభ ప్రార్థనాలయాలన్నిటిలో సిలువ పక్కన "నాకు దాహంగా ఉంది" అనే ప్రభువు మాట రాసి ఉంటుంది. 1973 నుంచి ఆ సిస్టర్లు రోజూ ఒక గంట దివ్యసత్ప్రసాద ఆరాధన (పూజలో అర్పించిన అప్పం రూపంలోని క్రీస్తు ముందు ప్రార్థన) చేస్తున్నారు. వీధిలో చనిపోతున్నవాళ్ళను మోసుకొచ్చే సిస్టర్లకు గంట దొరికింది. మీకు ఎందుకు దొరకదు?

క్రీస్తును పక్కన పెడితే వ్రతాలు ఏమవుతాయో కూడా ఆలోచించండి. ఆయన ధనవంతుడై ఉండి మనకోసం పేదవాడయ్యాడు కాబట్టి మన పేదరికానికి అర్థం. అది తీసేస్తే మిగిలేది పొదుపు లెక్క. సిలువ మరణం వరకు ఆయన విధేయుడయ్యాడు కాబట్టి విధేయత. అది తీసేస్తే బదిలీ ఉత్తర్వు.

ధ్యానం ఎందుకు చచ్చిపోతోందో నాకు తెలుసు, మఠాలను నడిపే చాలామంది సుపీరియర్లకూ తెలుసు. ఉదయం ధ్యానానికి అరగంట కేటాయిస్తారు. అందరూ వచ్చి కూర్చునేసరికి ఐదు నిమిషాలు పోతాయి. ఎవరో ఒక పుస్తకం గట్టిగా పది నిమిషాలు చదువుతారు. చివర ఆ రోజు పనుల ప్రకటనలు. ఇక మౌనం ఎక్కడ? అసలు చేయాల్సింది ఇది. రేపటి సువార్త పఠనం ఈ రాత్రే రెండుసార్లు నెమ్మదిగా చదివి పడుకోవాలి. పది పదిహేను వచనాలు చాలు. పొద్దున మళ్ళీ చదివి, ఏ మాట దగ్గర మనసు ఆగితే అక్కడే ఆగాలి, ముందుకు పరుగెత్తకూడదు. ప్రభువు ఎక్కడ నిలబడ్డారు, ఎవరిని చూస్తున్నారు, ఏమంటున్నారు అని చూడాలి. చివరి ఐదు నిమిషాలు ఆయనతోనే మాట్లాడాలి.

పన్నెండో శతాబ్దపు సన్యాసి గిగో ఈ దారికి నాలుగు మెట్లు చెప్పాడు: పఠనం, మననం, ప్రార్థన, ధ్యాన దర్శనం. మనవాళ్ళు రెండో మెట్టు మీదే కూర్చుండిపోతారు. ముఖ్యంగా పాఠాలు చెప్పేవాళ్ళు. వచనం కనబడగానే రేపు పిల్లలకు ఏం చెప్పాలా అని బుర్ర పరుగు తీస్తుంది. ప్రభువు గురించి అరగంట ఆలోచించి, ప్రభువుతో ఒక్క మాట మాట్లాడకుండా లేచిపోతారు. ఇలా ఏళ్ళు గడిచాక "లోపల ఎండిపోయింది" అంటారు. ఎండిపోక ఏం చేస్తుంది?

ఏటా ఎనిమిది రోజులు ప్రార్థనకే కేటాయించే వడకాలదీ ఇదే గతి. పునీత ఇగ్నేషియస్ సాధనలు పూర్తిగా చేస్తే సుమారు ముప్పై రోజులు, నాలుగు వారాలుగా. రెండో వారం నుంచి ప్రభువు జీవితం, మూడో వారం శ్రమలు, నాలుగో వారం పునరుత్థానం. ఇప్పుడు వడకమంటే ఒత్తిడి తగ్గించుకోవడం మీద రోజుకు నాలుగు ఉపన్యాసాలు, చేతిలో నోటుబుక్కు. మనస్తత్వ శాస్త్రం పనికొస్తుంది, కాదనను. దానికి వేరే వారం పెట్టుకోండి. ఆ ఎనిమిది రోజులు బోధకుడి గొంతే వినబడుతుంటే ప్రభువు మాట వినేదెప్పుడు?

నా అసలు కోపం నోవిషియేట్‌ల గురించి, అంటే వ్రతాలకు ముందు కొత్తవాళ్ళకు (నోవిస్‌లకు) ఇచ్చే శిక్షణ గురించి. అది ఇప్పటిది కాదు. నోవిషియేట్ చెల్లాలంటే పన్నెండు నెలలు ఆ గృహంలోనే గడపాలని 648వ సూత్రం. పదిహేను రోజులు దాటి బయట ఉంటే ఆ రోజులు పూడ్చాలి, మూడు నెలలు దాటితే అసలు చెల్లదు. ఈ లెక్క మన సభలు ఒక్క రోజు తప్పకుండా రాస్తాయి. కానీ శిక్షణకు నేరుగా ఉపకరించని చదువులూ పనులూ నోవిస్‌లకు అప్పగించకూడదని 652లో ఉన్న మాట ఎవరికీ గుర్తుండదు! హాస్టల్ పిల్లల్ని చూసుకోవడం, అతిథులకు వంట, ఆఫీసులో లెక్కలు, జూబిలీకి నాట్యం రిహార్సల్స్. ఆ పిల్ల జీవితంలో ప్రభువును తీరిగ్గా తెలుసుకోవడానికి శ్రీసభ కేటాయించిన సంవత్సరం అది. దాన్ని జీతం లేని చాకిరీకి వాడేసుకుని, ఐదేళ్ళ తర్వాత ఆమె సభ విడిచి వెళ్తే "ఆమెకు ప్రార్థనా జీవితం లేదు" అని నివేదికలో రాస్తారు. ఆమెకు నేర్పింది ఎవరు? ఎప్పుడు?

సభ ప్రాంతాలను నడిపే ప్రొవిన్షియల్ మదర్లూ, ఆ పన్నెండు నెలలు ఆ పిల్లలకు వదిలేయండి. హాస్టల్‌కు జీతమిచ్చి మనిషిని పెట్టుకోండి.