పాతిక తీగల వాద్యం టేపుల్లో బతకదు

చిలీ జానపదం అనగానే మనలో చాలామందికి కేనా పిల్లనగ్రోవి, చరాంగో అనే చిన్న తీగల వాద్యం, ఆండీస్ కొండలు గుర్తొస్తాయి. ఆ దేశ రాజకీయం కాస్త చదివినవాళ్ళకి గాయకుడు విక్టర్ హారా. వాటి గొప్ప వాటిదే. కానీ రాజధాని శాంటియాగో పక్కనే పిర్కే, పుయెంతె ఆల్తో ప్రాంతాల్లో రైతులూ కూలీలూ నిలబెట్టుకొచ్చిన గిటార్రోన్ అనే గిటారు లాంటి వాద్యం గురించీ, దాని మీద పాడే 'కాంతో ఆ లో పొయెతా' అనే పద్యగానం గురించీ ఎవరూ మాట్లాడరు. అడిగితే "పాత రికార్డింగులు ఉన్నాయిగా, పోయేదేముంది" అంటారు. నాకు పేచీ అక్కడే. చాలా పోతుంది.

ముందు వాద్యం చూడండి. మొత్తం 25 తీగలు. మెడ మీద 21, ఐదు వరసలుగా. మంద్రం వైపు నుంచి లెక్కేస్తే 5, 6, 4, 3, 3. మిగతా నాలుగూ మెడకి అటు రెండు, ఇటు రెండు. వీటిని డియాబ్లితోస్ అంటారు, అంటే చిట్టి దెయ్యాలు. వాటి కింద మెట్లుండవు, ఒక్కో తీగ ఒక్కటే స్వరం పలుకుతుంది. శ్రుతి పెంచుదామని మామూలు గిటారుకి పెట్టినట్టు కాపో (మెడ మీద తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే 21 తీగలూ పైకి పోతాయి, దెయ్యాలు మాత్రం పాత శ్రుతిలోనే ఉండిపోయి అపస్వరం పలుకుతాయి.

శ్రుతి చేయడమే ఒక విద్య. మంద్రం వరసల్లో లావు తీగలూ సన్న తీగలూ కలిసి ఉంటాయి, ఒకే స్వరం వేరువేరు స్థాయిల్లో. ముందు ఒక తీగ సరిచేసి, తక్కినవి దానికి కలపాలి. ఐదు వరసలూ అయ్యేసరికి ఆ లాగుడుకి పై చెక్క కాస్త వంగి, మొదట కలిపిన వరస దిగిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలి. ఆరు తీగల వరసలో ఒక్క తీగ తప్పినా వరసంతా జీరపోతుంది. ఇక మీటడం: పై స్వరం దెయ్యం తీగదా, మెట్టు మీద నొక్కిన తీగదా? టేపు విని చెప్పడం కష్టం. పక్కన కూర్చుని వేళ్ళు చూడాలి.

పాట ఇంకా బిగువు. పాడేది దేసిమా అనే పద్యంలో: పది పాదాలు, పాదానికి 8 సిలబుల్స్. అంత్యప్రాస 1, 4, 5 పాదాలకి ఒకటి, 2, 3కి ఒకటి, 6, 7, 10కి ఒకటి, 8, 9కి ఒకటి. ముందు నాలుగు పాదాల క్వార్తెతా తీసుకుంటారు. అందులో ఒక్కో పాదం ఒక్కో దేసిమాకి పదో పాదంగా రావాలి. ఆ నాలుగయ్యాక వీడ్కోలుగా ఐదోది. సమస్యాపూరణం ఎరిగినవాళ్ళకి ఇందులో చిక్కు వెంటనే తెలుస్తుంది: చివరి పాదం ముందే ఖాయం కాబట్టి 6, 7 పాదాల ప్రాస కూడా ఖాయమే. అది చూసుకోకుండా మొదటి పాదం నుంచి అల్లుకుంటూ పోతే ఏడో పాదం దగ్గర ఇరుక్కుంటారు. లెక్కలోనూ మెలిక ఉంది. ఒక పదం చివరి అచ్చూ తర్వాతి పదం మొదటి అచ్చూ కలిసి ఒక్కటే అవుతాయి. పాదం చివరి సిలబుల్ మీద ఊనిక పడితే ఒకటి కలుపుకోవాలి. ఇది చెవికి పట్టనివాళ్ళ పాదం తొమ్మిదై రాగంలోంచి జారిపోతుంది.

దైవపరమైన పాటైతే రాత్రంతా జాగారం. పాటగాళ్ళు విగ్రహం ముందు అర్ధచంద్రంగా కూర్చుంటారు. మొదటివాడు ఎత్తుకున్న అంశమే, రాగమే అందరిదీ. సృష్టి కావచ్చు, క్రీస్తు పడ్డ బాధలు కావచ్చు. ఒక్కొక్కరు ఒక్కో దేసిమా పాడతారు, వరస తిరిగి తనదాకా వచ్చాకే రెండోది. తను అనుకున్న పాట ముందువాడు పాడేస్తే ఇంకోటి తీయాలి. అందుకే ఒక్కో అంశం మీద చాలా పాటలు కంఠతా ఉండాలి. చప్పట్లు ఉండవు. రికార్డింగులో దొరికేది ఆ రాత్రిలో ఒక ముక్క.

చిలీ గాయని వియోలెటా పర్రా 1950ల్లో ఈ పల్లెలు తిరిగింది. పాటలు సేకరించి ఊరుకోలేదు. పుయెంతె ఆల్తోలో ఇసాయియాస్ అంగూలో దగ్గర గిటార్రోన్ నేర్చుకుంది, తన జీవితాన్ని తానే దేసిమాల్లో రాసుకుంది. మరో గాయని మార్గోట్ లొయోలా పల్లె మనుషుల దగ్గర పాటా ఆటా నేర్చుకుని, 2015లో పోయేదాకా ఎంతోమందికి నేర్పింది. సేకరణ అంటే నాకు ఇదే.

పిర్కేలో గిటార్రోన్ వాయించి పాడే సాంతోస్ రుబియోకి చూపు లేదు. కాగితం మీద స్వరలిపి ఆయనకి ఎందుకూ పనికొచ్చేది కాదు. 25 తీగలూ, వందల పాదాలూ చెవిలో, వేళ్ళలో పెట్టుకున్నాడు. 2011లో ఆయన పోయాక కూడా గిటార్రోన్ మోగుతోందంటే ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళ వల్లే. జానపదం కాపాడతామని డబ్బు తీసేవాళ్ళు టేపుల బీరువాలకి పెట్టే ఖర్చులో కొంతైనా అలాంటి గురువు జీతానికీ, నేర్చుకునే పిల్లకి ఒక గిటార్రోన్‌కీ పెట్టాలి.