వెలి వేసినవారితో రాజీలా?

ఊళ్లో ఫలానా కులం వారితో ఎవరూ మాట్లాడకూడదని చాటింపు వేయిస్తారు. కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు, పొలం పనికి పిలవరు, ఆటో ఎక్కనివ్వరు. మాట కలిపితే జరిమానా. నిజామాబాద్, జగిత్యాల వైపు ఊరి పెద్దలు నడిపే కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు ఏళ్ల తరబడి సాగిస్తున్న దౌర్జన్యమిది. విషయం పత్రికలకెక్కాక తహసీల్దారు, ఎస్సై వస్తారు. అందరినీ ఒకచోట కూర్చోబెడతారు. సహపంక్తి భోజనం, ఫొటోలు, సమస్య పరిష్కారమైందన్న ప్రకటన. అక్కడితో సరి.

వెలి వేసినవారినీ వెలికి గురైనవారినీ పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన సమానులైపోరు. రేపటి కూలి ఎవరి చేతిలో ఉందో ఆ ఆసామి ఎదురుగా ఉండగా, బాధితుడు తన అవమానాన్ని ఏమని చెప్పుకుంటాడు? తలూపి లేచి వస్తాడు. దాన్నే సామరస్యమని రికార్డుల్లో రాసుకుంటున్నారు. ఆ మనిషి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, అతను చెప్పేది చివరిదాకా విన్న అధికారి ఎవరు? నెలనెలా 30న అధికారులు ఊళ్లకు వెళ్లి పౌర హక్కుల దినం జరపాలన్నది అందుకే కదా!

కేసులు పెడితే పగలు పెరుగుతాయని, ఊరి తగవు ఊళ్లోనే తేలడం మేలని కొందరంటారు. బాధితుడు తగ్గితేనే తేలే తగవు తేలినట్టు కాదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను ఊచకోత కోయడానికి ముందు నడిచింది కూడా వెలే. 2017లో అంబేడ్కర్ విగ్రహం విషయమై పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రు దళితులను వెలివేసినప్పుడైనా యంత్రాంగం మేలుకోవాల్సింది.

ఒక ఊరి పెద్దలు వెలి వేసి, ఒక పూట భోజనంతో బయటపడితే పక్క ఊరి కమిటీకి ఏం తెలిసొస్తుంది? వెలి వేయవచ్చని, ఏమీ కాదని. ప్రతి రాజీ మరో వెలికి ఇచ్చిన అనుమతి.

దళితులు, గిరిజనులపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ తేల్చిచెప్పింది. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాల్సిన నేరాన్ని ఠాణాలోనే మాఫీ చేసే హక్కు ఎస్సైకి ఎవరిచ్చారు? గీత కార్మికుల్లాంటి వెనుకబడిన కులాలకు ఆ చట్టం అండ కూడా లేదు. ఎవరిని వెలివేసినా మూడేళ్ల దాకా జైలు అని మహారాష్ట్ర 2016లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది. తెలుగు ప్రభుత్వాలకు ఏం అడ్డొచ్చింది? ఆ కమిటీల చేతిలోని ఓట్లా?

కలెక్టర్లు ఇకనైనా విస్తళ్ల ముందు ఫొటోలు దిగడం మానాలి. చాటింపు వేయించినవారిపై కేసు పెట్టామని, ఫలానావారిని అరెస్టు చేశామని చెప్పాలి. అది చెప్పలేనివారు శాంతి గురించి మాట్లాడవద్దు.