పటిక ఎవరు కలపాలి?

పరిశోధకుల మాట ప్రభుత్వాలు వింటే ప్రపంచ సమస్యలు సగం తీరినట్టేనని ఒకరు రాశారు. వినడం వరకు సరేనండీ, ఆ తర్వాతో? మా నల్లగొండ ఫ్లోరైడ్ సంగతే చూడండి. పక్కనున్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికకెక్కింది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటికతో ఫ్లోరైడ్ తీసే చవక పద్ధతి కనిపెట్టారు. దానికి మా ఊరి పేరే, నల్లగొండ టెక్నిక్! టాంజానియా, ఇథియోపియాల్లోనూ వాడారు.

మా మేనత్త ఇంట్లో ఆ పద్ధతిలో నీళ్లు శుద్ధి చేసే బకెట్ ఉండేది. కుళాయి అడుగుకి కాస్త పైన బిగించి ఉండేది. మందు వేసి కలిపితే దూదిపింజల్లాంటి తెట్టు మెల్లగా కిందికి దిగేది, పైన తేటనీళ్లు పట్టుకునేవాళ్లం. కానీ రోజూ కొలిచి కలపాలి, గంటసేపు ఆగాలి, అడుగు మడ్డి పారబోయాలి. పొద్దున్నే పొలానికి పోయే మనిషికి అంత తీరికెక్కడిది? పటిక అయిపోతే మళ్లీ బోరునీళ్లే. చివరికి కుళాయికి కృష్ణా నీళ్లు వచ్చాకే ఆ బకెట్ అటకెక్కింది. ఫార్ములా రాసినవాళ్లు మా అత్తయ్యనీ ఒక మాట అడిగి ఉంటే బాగుండేది.