ఆదాయం 0, వ్యయం 14: ఒక సాల్మన్ పంచాంగం

సియాటిల్ పక్కన కాపురముంటూ గాలం పట్టిన ప్రతి తెలుగువాడికీ రెండు పంచాంగాలుంటాయి. ఒకటి ఉగాదికి గుడిలో చదివేది. రెండోది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రోజుకి పదకొండుసార్లు ఫోన్లో చూసుకునేది, అంటే సాల్మన్ చేప కోసం చూసే నది రిపోర్టు. మొదటిదాంట్లో ఎప్పుడో ఒక మంచిరోజు తగులుతుంది. రెండోదాంట్లో మంచిరోజు నిన్ననే వెళ్ళిపోయి ఉంటుంది, లేదంటే ఇంకొక్క వాన పడ్డాక వస్తానంటుంది.

శాస్త్రం ఇలా ఉంది. సెప్టెంబరులో స్నోక్వాల్మీ, స్కైకోమిష్ నదుల్లో నీళ్ళు తక్కువ, గాజంత తేట. మనకి చేప కనబడుతుంది, చేపకి మనం కనబడతాం, కాబట్టి పడదు. వాన పడితే నది లేచి హోటల్ టీ రంగుకి తిరుగుతుంది. చేపకి ఎర కనబడదు, కాబట్టి పడదు. ఈ రెండిటి మధ్యా, వరద తీసి నీరు లేత ఆకుపచ్చకి వచ్చే ముహూర్తం ఒకటుంది. ఒక రోజో, రోజున్నరో. నా అనుభవంలో అది మంగళవారం పొద్దున్న పది గంటల మీటింగుతోనే మొదలవుతుంది. దీన్ని శనివారానికి మార్చడం గురించి ఇన్నేళ్ళలో ఏ ప్రభుత్వమూ ఆలోచించలేదు. నవంబరు వస్తే హవాయి వైపు నుంచి తేమ మోసుకొచ్చే పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. పేరు చూసి రైలనుకునేరు. అది దిగిందంటే నది పొలాల్లోకి, గాలాలు గ్యారేజీలోకి.

ఈసారి ధవళేశ్వరం నుంచి మా మావయ్యగారు వచ్చారు. ఆయన ముందు నా పాండిత్యం చూపించుకోవాలనుకోవడం నా తప్పే.

“రేపు నది గోల్డ్ బార్ ఊరి దగ్గర రెండు వేల క్యూసెక్కులకి దిగుతుంది మావయ్యగారూ. బంగారంలాంటి నీరు,” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండు వేలాండీ? లక్షలనడం మర్చిపోయారేమో అల్లుడుగారూ.”

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వాలంటేనే 10 లక్షల క్యూసెక్కులు రావాలి. మూడోదానికి 17 లక్షలు. అలాంటి గోదారి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి నేను రెండు వేల క్యూసెక్కుల గ్రాఫు, గంటగంటకీ గీసింది, వేలితో పెద్దది చేసి చూపిస్తున్నాను. ఆయన మర్యాదగా చూశారు. “మాకు ఎర్రనీరొచ్చిందంటే పులసొచ్చినట్టేనండి. దానికి ఫోనెందుకు, రేవు మెట్లు చాలు,” అన్నారు.

నిజానికి ఆ పులసా, ఇక్కడి సాల్మనూ ఒక బాపతు చేపలే. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతాయి. కాకపోతే పులస కోసం మనవాళ్ళు పుస్తెలమ్మడానికి సిద్ధపడ్డారు. ఇక్కడ ఆ డబ్బంతా ముందే రబ్బరు ప్యాంటుకీ, కర్రకీ, రీలుకీ అయిపోతుంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. నదిలోకి వచ్చాక సాల్మన్ ఇక తిండి తినదు. కడుపులో గుడ్లు, ఒంట్లో ఉన్న కొవ్వు, పుట్టిన వాగు వాసన, అంతే దాని సామాను. గుడ్లు పెట్టి చచ్చిపోవడానికి వెళుతున్న ఆ జీవి నిరాహారదీక్షలో ఉంటే, మనం ఒడ్డున నిలబడి దానికి గులాబీరంగు ఊలు ముక్క చూపించి దీక్ష భగ్నం చెయ్యాలి. అది ఆకలికి కాదు, విసుక్కుని కొరుకుతుంది. అంటే ఈ క్రీడలో నెగ్గాలంటే చేపకి చిరాకు తెప్పించగలగాలి. ఆఫీసులో అంత ప్రతిభ చూపిస్తున్న నాకు ఇక్కడ అది ఎందుకు అక్కరకు రావడం లేదో తెలియదు. ఇదే నదిలో ఉండే ట్రౌట్ అనే చేపదే తెలివి. సాల్మన్ పెళ్ళివారి వెనకే విడిదికొచ్చి, రాలిన గుడ్లు తింటూ కూర్చుంటుంది.

ఇక బేసి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ వస్తుంది. అప్పుడు ప్యూయాలప్ నది ఒడ్డు పుష్కరాల రేవే. ఆ గాలాల మధ్య చేపకన్నా పక్కవాడి టోపీ తగిలే అవకాశమే ఎక్కువ.

మావయ్యగారిని ముందు ఇసాక్వా హేచరీకి, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోటికి, తీసుకెళ్ళాను. 1936 నాటిది. వంతెన మీంచి చూస్తే వాగు నిండా చేపలు, చెయ్యంత పొడుగువి. ఆయన నావైపు చూశారు. “ఇక్కడ పట్టకూడదండీ, నేరం,” అన్నాను. “అయితే ఎక్కడ పట్టచ్చు?” “ఎక్కడైతే లేవో అక్కడ.”

ఆ ‘అక్కడ’కి శనివారం నాలుగింటికే లేచి వెళ్ళాం. నీరు నిన్న బాగుందట. పక్కాయన చెప్పాడు. నాలుగు గంటలు నిలబడ్డాక, ప్రమాదవశాత్తూ, నా గాలానికి కోహో అనే రకం సాల్మన్ ఒకటి పడింది. వెండిరేకులా ఉంది. మావయ్యగారు ధవళేశ్వరం దాకా వినబడేట్టు అరిచారు. నేను మోకాళ్ళమీద కూర్చుని వీపు మీద, తోకకి ముందు, చిటికెనవేలి కొసంత రెక్క కోసం వెతికాను. హేచరీలో పుట్టినవాటికి ఆ రెక్క కత్తిరించి వదులుతారు. మేమున్న చోట రెక్క లేకపోతే ఇంటికి, ఉంటే నదిలోకి.

ఉంది.

“అన్నీ సక్రమంగా ఉన్నదాన్ని వదిలేస్తారా?” అన్నారాయన. చట్టమంతేనండీ అన్నాను. వదిలెయ్యాల్సిన చేపని నీళ్ళలోంచి పూర్తిగా పైకెత్తకూడదు కూడా. కాబట్టి ఫోటో కూడా లేదు. పడిన చేపని పెన్నుతో ఎక్కించాల్సిన కార్డు జేబులో మడత నలగకుండా ఉంది. ఏప్రిల్ 30లోగా, ఏమీ పట్టలేదనే సంగతి కూడా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి.

కారెక్కేదాకా మావయ్యగారు మాట్లాడలేదు. తర్వాత అత్తయ్యగారికి ఫోన్ చేశారు. “పడిందే. మూడు కేజీలుంటది. ఆయ్, నేను చూశాను. అల్లుడుగారు దాన్ని తల నిమిరి నీళ్ళలోనే సాగనంపేశారు. పసుపు కుంకుమ ఒక్కటే తక్కువ.”