పరుగెత్తించి ఎంపిక చేస్తారు, నిలబెట్టి జీతమిస్తారు

పోలీసు ఉద్యోగానికి అప్లై చెయ్యాలా వద్దా అని మా వీధి కుర్రాళ్లు తెగ ఊగిసలాడుతున్నారు. ఇంత ముఖ్యమైన విషయం మీద ఎవరో ఒకరు గంభీరంగా ఆలోచించాలి కదా, ఆ పని నేను చేస్తున్నాను. నాకున్న అర్హత ఒక్కటే, నాకు ఆ ఉద్యోగం వచ్చే అవకాశం బొత్తిగా లేదు.

ముందు ఎత్తు సంగతి తేల్చుకో తమ్ముడూ. మగవాళ్లకి 167.6 సెంటీమీటర్లు ఉండాలి. 167.5 ఉన్నవాడు దొంగను పట్టుకోలేడని ప్రభుత్వం లెక్కగట్టింది, పెద్దలు ఆలోచించే పెట్టి ఉంటారు. దొంగలకి మాత్రం ఎత్తు నిబంధన ఏదీ లేదు, అక్కడ పోటీ అందరికీ సమానం.

ఇక పరుగు. 2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాలి. దానికోసం తెల్లవారుజామున ఉస్మానియా గ్రౌండ్‌లో పరుగెత్తి, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని, నెగెటివ్ మార్కులకి భయపడుతూ జనరల్ స్టడీస్ బట్టీ పట్టి, అశోక్‌నగర్ హాస్టల్లో నీళ్ల సాంబారు తాగి, ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ "ఈసారి గ్యారంటీ అమ్మా" అని చెప్పి, ఇంత చేసి కానిస్టేబుల్ అయ్యాక పరుగెత్తే పని ఏపాటిది? నిలబడాలి. ఉద్యోగమంతా నిలబడటమే. దాని పేరు బందోబస్తు.

నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ దగ్గర ఓసారి చూడు. జిల్లా నుంచి ముందురోజే బస్సులో తెచ్చి దింపిన కానిస్టేబుల్ ఒకడుంటాడు. వాడికి హైదరాబాద్‌లో దారులు తెలియవు, కానీ వచ్చిపోయే ప్రతివాడూ క్రేన్ నంబర్ 4 ఎటు అని వాడినే అడుగుతాడు. పొద్దున ఇస్తామన్న పులిహోర పొట్లం మధ్యాహ్నం మూడింటికి వస్తుంది, సరిగ్గా అప్పుడే వాన కూడా వస్తుంది. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో పొట్లం విప్పుతూ, మోచేత్తో టోపీ సర్దుకుంటూ, "సార్, ఒక సెల్ఫీ" అన్న పిల్లాడికి నవ్వు కూడా పెడతాడు. ఈ నాలుగు పనులూ కలిపి చేయించే ఈవెంటు ఫిజికల్ టెస్టులో ఎక్కడుంది చెప్పండి? లాంగ్ జంప్ ఉంది, షాట్‌పుట్ ఉంది. కాన్వాయ్ వస్తోందని రోడ్డు మీద నిలబెట్టిన ఏ కానిస్టేబులైనా ఇనప గుండు విసరడం నేనైతే చూడలేదు, విసరాలనిపించి ఆగిపోయి ఉంటే అది వేరే సంగతి.

అందుకే రిక్రూట్‌మెంట్ బోర్డుకి నాదొక సవినయ సూచన. పరుగు తీసేసి, అభ్యర్థిని మే నెల ఎండలో ఒక చౌరస్తాలో నిలబెట్టండి. ఆరు గంటలు గడిచాక "ప్రోగ్రాం క్యాన్సిల్" అని చెప్పండి. మొహంలో ఏ మార్పూ రానివాడికి ఫుల్ మార్కులు. దాంతోపాటు ఒక ఫోన్ పరీక్ష కూడా పెడితే మంచిది. అవతలి గొంతు కార్పొరేటర్‌దో, ఎమ్మెల్యే బావమరిదిదో, ఊరికే గొంతు పెద్దదైన మామూలు మనిషిదో మూడు సెకన్లలో పోల్చుకుని, "సార్", "అన్నా", "చెప్పవయ్యా" అనే మూడింటిలో సరైనది అందుకోవాలి. ఇక్కడ మాత్రం నెగెటివ్ మార్కులు ఉండాల్సిందే, ఎందుకంటే బయట ఉన్నాయి, వాటిని ట్రాన్స్‌ఫర్ అంటారు.

ఓపిక పరీక్ష ఎలాగూ పెడుతున్నారు, ఆ విషయంలో ఆంధ్రప్రదేశ్‌ని మెచ్చుకోవాలి. 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వమే మారిపోయింది, అభ్యర్థి మాత్రం మారకుండా అదే గ్రౌండ్‌లో తిరుగుతూ ఉన్నాడు.

సెలవుల గురించి అడుగుతావేమో. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అది మనది కాదులే అని సంతోషపడకు, ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు నుంచి సంక్రమించిన చట్టం 1859 నాటిది, దానికంటే రెండేళ్లు సీనియర్. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. ప్రకటన చాలా బాగుంది, నేను రెండుసార్లు చదివాను.

లాభాలు లేవని అనను. సంబంధాలు గబగబా వస్తాయి, ఇంటి ఓనర్ అడ్వాన్స్ గురించి కాస్త మర్యాదగా మాట్లాడతాడు. బంధువులకైతే ఇక పండగే. ఎప్పుడూ పలకరించని బాబాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "ఏరా నాన్నా, బాగున్నావా, మన బండి ట్రాఫిక్ వాళ్లు ఎత్తుకెళ్లార్రా" అంటాడు. నువ్వున్నది ఆసిఫాబాద్‌లో, బండి పోయింది కూకట్‌పల్లిలో, అయినా బాబాయికి ఆ తేడా పట్టదు. ఒక్క చలాన్ల విషయంలోనే నీకు కొంచెం ఊరట. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వమే బైకుల పెండింగ్ చలాన్ల మీద 80 శాతం తగ్గింపు ఇచ్చింది, అంత డిస్కౌంట్ నువ్వు ఎవరి కాళ్లు పట్టుకున్నా ఇప్పించలేవు.

అన్నీ విన్నాక కూడా "పర్వాలేదన్నా, యూనిఫాం అంటే ఇష్టం" అంటావా? సరే, ఒక్క సంగతి తెలుసుకుని వెళ్లు. 2024 అక్టోబరులో తెలంగాణ బెటాలియన్ కానిస్టేబుళ్ల, అంటే ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపే స్పెషల్ పోలీసుల, భార్యలు రోడ్డెక్కారు. మా ఆయన్ని ఊరూరా తిప్పొద్దు, ఒకచోట ఉంచండి, అందరికీ ఒకే పోలీసు విధానం పెట్టండి అని అడిగారు. కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు, 39 మంది సస్పెండయ్యారు, 10 మందిని ఉద్యోగంలోంచే తీసేశారు. భార్యలు సచివాలయం దగ్గరికి వస్తే ఆపడానికి దిగింది పోలీసులే, ఇంకెవరు దిగుతారు!

కాబట్టి తమ్ముడూ, ఫీజు కట్టేముందు షూ సైజు చూసుకోవడం తర్వాత సంగతి. రేపు సెలవు కోసం నువ్వు నోరెత్తకూడదు కాబట్టి, నీ బదులు ధర్నాకి కూర్చునేది అమ్మో, అక్కో, కాబోయే ఆవిడో ఇవాళే తేల్చుకో.