మెయిల్ తెరిస్తే మేత కంపెనీ ఫోను

విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు, నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో చిన్న ఆఫీసు, ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్, దాని ముందు మేనల్లుడు. మామకు మొన్నమొన్నటి దాకా వనామీ రొయ్యపిల్లల సీడు మీద తప్ప లోకంలో దేనిమీదా అనుమానం లేదు. ఈమధ్య మేత కంపెనీ సేల్స్ కుర్రాడి మీద మొదలైంది. మేత ధరల మెయిలు తెరిచి, కళ్లజోడు సవరించుకుని, రెండో వరుసకు వచ్చేలోపే ఫోను మోగుతుంది.

"నమస్తే సార్! మా మెయిలు చూస్తున్నట్టున్నారు!"

మామ మొదట కిటికీ మూశాడు. తర్వాత అద్దానికున్న అత్త బొట్టుబిళ్ల ఒకటి పీకి ల్యాప్‌టాప్ కెమెరాకు అంటించాడు. మర్నాడు మెయిలు తెరిచాడు. ఫోను మోగింది.

కుర్రాడికి దివ్యదృష్టి ఏమీ లేదు. ఆ మెయిల్లో పెద్దగా కనిపించే మేత బస్తా ఫొటోకు ఏ పాపమూ తెలియదు. పని చేసేదల్లా అడుగున ఉన్న మరో బొమ్మ. ఒక పిక్సెల్ (తెరమీద ఒక చుక్క) పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు, రంగు లేదు, కంటికి ఆనదు. అది మెయిల్లో రాదు, దాని చిరునామా మాత్రమే వస్తుంది. ఆ చిరునామా తోకలో మామ ఒక్కడికే కేటాయించిన సంకేతం ఉంటుంది. మెయిలు తెరవగానే మెయిల్ ప్రోగ్రాము ఆ బొమ్మ ఇవ్వమని అవతలి సర్వరును అడుగుతుంది. ఎప్పుడు అడిగింది, ఏ ఐపీ అడ్రసు (నెట్‌లో మన కనెక్షన్ నంబరు) నుంచి అడిగింది, ఏ ప్రోగ్రాము అడిగింది అనే వివరాలు అక్కడ చిట్టాలో పడతాయి. వెంటనే కుర్రాడి తెరమీద మామ పేరు పక్కన 'తెరిచారు' అని వస్తుంది. ఆ పైన ఫోను చేయడానికి ఎంతసేపు?

ఇంతవరకూ అయితే మామ ఓర్చుకునేవాడే. ఒకరోజు గుంటల దగ్గర షెడ్డులో కూర్చుని, సెల్‌ఫోను హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌లో మెయిలు చూశాడు. ఏరేటర్ల మోతలో సెల్‌ఫోను వినపడలేదు. కుర్రాడు ఇంటి నంబరుకు కొట్టాడు. అత్త ఎత్తింది.

"సార్ చెన్నై వచ్చినట్టున్నారు మేడమ్, పనిలో పనిగా మా బ్రాంచికి కూడా రమ్మని చెప్పండి."

ఐపీ అడ్రసును బట్టి ఊరు చెప్పే పట్టికలు మొబైల్ నెట్ దగ్గర తరచూ తప్పుతాయి. మన డేటా ఏ పెద్ద ఊరి గుండా ఇంటర్నెట్‌లోకి పోతుందో ఆ ఊరి పేరే చెబుతాయి. విడవలూరులో ఉన్న మనిషి చెన్నైలో తేలాడంటే కారణం అదే. ఇది అత్తకు చెప్పేవాళ్లెవరు? సాయంత్రం మామ మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చాడు.

"మద్రాసులో ఏం పని నీకు?"

"మద్రాసేంది మే? గుంటల కాడి నుంచి వచ్చా ఉండా. బురద కనపడలా?"

"మద్రాసులో బురద లేదా?"

ఆ రాత్రి చేపల పులుసు వడ్డన కొంత దూరం నుంచి జరిగింది. తెల్లారగానే ఆఫీసుకొచ్చిన మామ అల్లుడితో ఒకటే మాట అన్నాడు. "ఒరే అబ్బయ్యా, ఆ మెయిల్లో బొమ్మనేది కనపడిందంటే నువ్వు నాకు కనపడగూడదు."

ఆఫీసులో మెయిళ్లకు వాడే ప్రోగ్రాము థండర్‌బర్డ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిస్తే, పైనే 'అలౌ రిమోట్ కంటెంట్ ఇన్ మెసేజెస్' అని ఒక గడి ఉంటుంది. కొత్తగా వేసుకున్నప్పుడు ఆ గడిలో టిక్కు ఉండదు. ఇక్కడ ఎవరో ఏనాడో పెట్టారు. అల్లుడు తీసేశాడు. మర్నాడు మెయిళ్లు తెరిస్తే మేత బస్తా ఎప్పటిలాగే నవ్వుతూ ఉంది, పక్కన కంపెనీ ముద్ర, కింద మేనేజరు సంతకం, ఆయన ఫొటో.

"ఏందిరా ఇది? టిక్కు తీస్తినంటివే!"

అల్లుడు టిక్కు పెట్టి తీశాడు. ప్రోగ్రాము మూసి తెరిచాడు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. చివరికి ప్రోగ్రామునే తీసేసి మళ్లీ వేశాడు, ఇది మాత్రం శుద్ధ దండగ. థండర్‌బర్డ్‌ను తీసేసినా ప్రొఫైల్ ఫోల్డరు అలాగే ఉంటుంది. అకౌంట్లు, మెయిళ్లు, సెట్టింగులు, గతంలో ఇచ్చిన అనుమతులు అన్నీ అందులోనే. కొత్తగా వేసిన ప్రోగ్రాము నేరుగా వెళ్లి ఆ పాత ఫోల్డరులోనే కూర్చుంటుంది. అల్లుడికి మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది, అంతే.

సెట్టింగు మాట వినకపోవడం కాదిది. దానికి అప్పజెప్పిన పనే అంత. రొయ్యల గుంట మీద పక్షుల వల కడతాం, గట్టు చుట్టూ పీతల కంచె వేస్తాం. రెండూ బయటి నుంచి వచ్చేవాటికే. సీడుతోపాటు సంచిలోనే దిగిన రోగాన్ని ఏ వలా ఆపదు. ఈ గడి కూడా బయటి సర్వరు నుంచి తెచ్చుకునే బొమ్మలనే ఆపుతుంది. మెయిలు కడుపులోనే వచ్చిన బొమ్మ దాని లెక్కలో బొమ్మే కాదు.

ఏది ఏ రకమో తేల్చడానికి అనుమానమున్న మెయిలు తెరిచి కంట్రోల్, యూ నొక్కాలి. మెయిలు అసలు రూపం వేరే కిటికీలో వస్తుంది. అక్కడ కంట్రోల్, ఎఫ్ కొట్టి 'ఐఎంజీ' అని ఇంగ్లిషు అక్షరాల్లో వెతకాలి. దాని పక్కన 'ఎస్ఆర్‌సీ' తర్వాత 'హెచ్‌టీటీపీఎస్' అని మొదలైతే అది బయటి బొమ్మ, గడి ఆపాల్సింది దాన్నే. 'సీఐడీ' అని మొదలైతే బొమ్మ మెయిలుకు అతికించే వచ్చింది. 'డేటా' అని మొదలై కింద అర్థంకాని అక్షరాల వరుసలుంటే అదీ లోపలిదే. నెట్ కట్టేసి మెయిలు తెరిచి చూడటం ఇంకో పద్ధతి గానీ నమ్మదగ్గది కాదు. ముందు ఒకసారి చూసిన బొమ్మ డిస్కులో దాచిన కాపీ నుంచి రావొచ్చు.

అల్లుడు వెతికాడు. మేత బస్తా సీఐడీ. ముద్ర సీఐడీ. మేనేజరు గారి ఫొటో కూడా సీఐడీయే.

"సీఐడీలా!" మామ కుర్చీలోంచి లేచాడు. "నే చెప్పలా, ఆ పిల్లోడు మామూలోడు గాదని!"

"ఆ సీఐడీ గాదు మావా, కంటెంట్ ఐడీ. ఇయ్యి ఎవురికీ ఫోన్ చెయ్యవు. మెయిల్తో పాటు వచ్చి పడుండాయి, అంతే."

అల్లుడు చెప్పింది నిజం. లోపలి బొమ్మ మన సంగతి ఎవరికీ చెప్పదు, డేటా మాత్రం తింటుంది. మెయిల్లో బొమ్మలు బేస్64 రూపంలో పోతాయి, ప్రతి 3 బైట్లకూ 4 అక్షరాలు. 900 కేబీ ఫొటో 1.2 ఎంబీ దాటుతుంది. ఇవి కూడా కంటికి కనపడొద్దనుకుంటే ఆల్ట్ కీ నొక్కి పైన మెనూ తెప్పించి, వ్యూలో 'మెసేజ్ బాడీ యాజ్' కింద 'ప్లెయిన్ టెక్స్ట్' ఎంచుకోవాలి. మెయిలు అడుగున వరుసగా పరుచుకునే ఫొటోలు వేరే రకం. అవి అటాచ్‌మెంట్లు, వ్యూలోనే 'డిస్‌ప్లే అటాచ్‌మెంట్స్ ఇన్‌లైన్' టిక్కు తీస్తే పోతాయి. ప్లెయిన్ టెక్స్ట్ పెడితే ధరల పట్టిక గడులన్నీ చెదిరి, 35 కేజీల బస్తా ధర ఏదో 25 కేజీల బస్తా ధర ఏదో తెలియని స్థితి వస్తుంది. వ్యాపారంలో ఉన్నవాళ్లు అంత దూరం పోకపోవడమే మంచిది.

సరే, బస్తా నిర్దోషి. మరి పిక్సెల్? గడిలో టిక్కు లేదు కదా, అది ఆగాలి. ఆగితే మెయిలు పైన పసుపు పట్టీ ఒకటి రావాలి, రిమోట్ కంటెంట్‌ను ఆపామని. వేరే మెయిళ్లకు వస్తోంది. మేత కంపెనీ మెయిలుకు మాత్రం రావడం లేదు. ఫోను మాత్రం మానకుండా వస్తోంది.

పట్టీ రాలేదంటే ఎక్కడో అనుమతి ఇచ్చి ఉంటారు. ఆ గడి పక్కనే 'ఎక్సెప్షన్స్' అనే బటన్ ఉంటుంది. దాని దాకా పోయేవాళ్లు తక్కువ. అల్లుడు నొక్కాడు. జాబితా తెరుచుకుంది. మేత కంపెనీ పేరు అందులో లేదు. ఉన్నది పలకడానికి నోరు తిరగని ఏదో సర్వరు పేరు, ఎదురుగా 'అలౌ'.

విచారణ అత్త దగ్గర ఆగింది. ఆమె మెయిల్ అకౌంటు కూడా అదే థండర్‌బర్డ్‌లో పెట్టి ఉంది. గడిలో ఎవరో టిక్కు పెట్టకముందెప్పుడో వెంకటగిరి చీరలమ్మే ఆన్‌లైన్ దుకాణం మెయిలు వచ్చింది, చీరలున్న చోట ఖాళీ గడులు కనపడ్డాయి, పైన పసుపు పట్టీ. పట్టీలోని బటన్ నొక్కితే కొన్ని దారులు చూపిస్తుంది. ఈ ఒక్క మెయిలుకు చూపించు, ఫలానా సర్వరు నుంచి ఎప్పుడూ రానివ్వు, ఫలానా పంపినవారివి ఎప్పుడూ రానివ్వు, పైన చెప్పిన సర్వర్లన్నిటినీ రానివ్వు. అత్త ఆఖరిది నొక్కింది. చీరలు చూడాలనుకునే మనిషి ఇంకేది నొక్కుతుంది?

చీరల దుకాణం గానీ మేత కంపెనీ గానీ సొంతంగా మెయిళ్లు పంపుకోవు. వేలమంది వ్యాపారుల తరఫున మెయిళ్లు పంపిపెట్టే సంస్థలుంటాయి. ఈ ఇద్దరిదీ ఒకటే సంస్థ, బొమ్మలు వచ్చేదీ అదే సర్వరు నుంచి. థండర్‌బర్డ్‌లో ఈ అనుమతులు ఒక్కో అకౌంటుకు వేరుగా ఉండవు, ప్రొఫైల్ మొత్తానికీ ఒకటే జాబితా. అత్త చీరలకు తీసిన తలుపులోంచి మామ మీదికి పిక్సెల్ వచ్చింది.

"అంటే నన్ను మద్రాసు పంపింది నువ్వేనన్నమాట," అన్నాడు మామ, చాలా రోజుల తర్వాత నిటారుగా కూర్చుని.

"చీర కొనిచ్చుంటే నేనెందుకు వెతుక్కుంటా?" అంది అత్త. మామ మళ్లీ వంగాడు.

మందు చిన్నదే. జాబితాలో ఆ పేరు ఎంచి 'రిమూవ్' నొక్కాలి, తర్వాత 'సేవ్ చేంజెస్' మరవకూడదు. కిటికీ మూల ఇంటూ గుర్తు నొక్కి బయటికొస్తే చేసిన మార్పు చెల్లదు. పంపినవారి చిరునామా పేరిట ఇచ్చిన అనుమతులుంటే వాటినీ తీసేయడం మేలు. 'ఫ్రమ్' దగ్గర ఎవరి చిరునామా అయినా ఎవరైనా రాసుకోవచ్చు. ఇంత చేశాక కూడా ఒకటీ అరా పాత మెయిళ్లలో బొమ్మలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. 'ఈ మెయిలుకు చూపించు' అని ఒకసారి నొక్కిన మెయిలును ప్రోగ్రాము గుర్తుపెట్టుకుంటుంది. పరీక్ష ఎప్పుడూ కొత్తగా వచ్చిన మెయిలు మీదే చేయాలి.

అవుట్‌లుక్ పాతరకం వాడే ఆఫీసుల్లోనూ ఇదే తంతు. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్. అక్కడ బొమ్మలు వద్దనే గడి కింద, సేఫ్ సెండర్స్ జాబితాలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చే గడి ఇంకొకటి ఉంటుంది. పైది చూసి కిందది చూడనివాళ్లే ఎక్కువ.

ఆ మధ్యాహ్నం కొత్త మెయిలు వచ్చింది. పసుపు పట్టీ వచ్చింది. ఫోను రాలేదు. అల్లుడు టీ చెప్పాడు. టీ వచ్చింది, దాని వెనకే ఫోనూ వచ్చింది.

"నమస్తే సార్, చూసినట్టున్నారు!"

మామ చేతిలో సెల్‌ఫోను ఉంది, అందులో జీమెయిల్ యాప్, యాప్‌లో అదే మెయిలు. ల్యాప్‌టాప్‌లో పెట్టిన సెట్టింగు సెల్‌ఫోనుకు వర్తించదు. ఏ ప్రోగ్రాము సెట్టింగు దానిదే. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెచ్చి మామూలుగానే చూపిస్తుంది. అందువల్ల మన ఐపీ అడ్రసు అవతలివాడికి పోదు, మద్రాసు గొడవ ఉండదు. కానీ మనిషికొక చిరునామా ఉన్న పిక్సెల్ అయితే తెరిచిన సంగతి మాత్రం తెలిసిపోవచ్చు. యాప్ సెట్టింగ్స్‌లో అకౌంటు పేరు నొక్కి 'ఇమేజెస్' దగ్గర 'ఆస్క్ బిఫోర్' అన్నది పెట్టుకోవాలి. రెండు అకౌంట్లుంటే రెండింటికీ.

అల్లుడు అదీ పెట్టాడు. మరుసటి మెయిలుకు పసుపు పట్టీ వచ్చింది, పిక్సెల్ ఆగింది, సెల్‌ఫోను మౌనంగా ఉంది. అప్పుడు థండర్‌బర్డ్ ఒక ప్రశ్న వేసింది. పంపినవారు తమ మెయిలు చూసినట్టు రసీదు అడుగుతున్నారు, పంపమంటారా?

మామ పంపమని నొక్కాడు. నిమిషంలో ఫోను.

"ఎందుకు నొక్కినావు మావా!" అల్లుడు నెత్తి పట్టుకున్నాడు. సెట్టింగ్స్‌లో జనరల్ కింద 'రిటర్న్ రిసీట్స్' తెరిచి, 'నెవర్ సెండ్' ఎంచి, మౌసు పక్కన పెట్టాడు.

"దొంగతనంగా చూస్తే కోపం గానీ," అన్నాడు మామ ఫోనెత్తుతూ, "పాపం నోరు తెరిచి మర్యాదగా అడిగినాడు. లేదని ఎట్టా చెప్తారా?"