ఓటీపీ నిర్వచించుము (2 మార్కులు)

పిల్లలకు డిజిటల్ అక్షరాస్యత నేర్పి తీరాల్సిందేనని మా హైస్కూలు స్టాఫ్ మీటింగ్‌లో ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏ పీరియడ్‌లో నేర్పాలన్న దగ్గరే పీటముడి పడింది.

డ్రిల్లు పీరియడ్ జూలై నుంచే లెక్కల మాస్టారి అధీనంలో ఉంది. లైబ్రరీ పీరియడ్‌ను సైన్సు టీచర్ కౌలుకు తీసుకున్నారు. పదో తరగతికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి స్పెషల్ క్లాసులు. ఇక మిగిలింది మధ్యాహ్న భోజనం. గుడ్డు ఒలుచుకుంటూ పాస్‌వర్డుల గురించి వినొచ్చు కదా అన్నారు తెలుగు మాస్టారు. ఆ సూచన పరిశీలనలో ఉంది.

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ చెప్పమంది. ప్రతి సబ్జెక్టులోనూ సిలబస్ బరువు తగ్గించమని కూడా అందులోనే ఉంది. మొదటి మాట మా బడికి చేరింది. రెండోది దారిలో ఉన్నట్టుంది.

సామగ్రికి లోటు లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి. తెరిచి చూస్తే అందులోనూ సిలబస్ పాఠాలే. పుస్తకంలో తప్పించుకున్నవాడు ట్యాబులో దొరికిపోయాడు.

ఎవరు చెప్పాలన్నది ఇంకో చిక్కు. మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో యునెస్కో మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోనే ఉత్తమమైనదిగా ఏటా ప్రకటిస్తూనే ఉంటుంది. అలాంటిదేమీ లేదని యునెస్కో ఎప్పుడో చెప్పింది. కానీ ఆ సంస్థ మా గ్రూపులో లేదు. 2016లో రెండు వేల నోటులో చిప్పు ఉందని వచ్చిన వీడియోను నేనూ నలుగురికి పంపాను. కాబట్టి ఆ పాఠం చెప్పే అర్హత నాకూ లేదు. సీనియారిటీ ప్రకారం నాకే అప్పగించారు.

మొదటి క్లాసులో బోర్డు మీద 1930 అని రాసి, ఇదేమిటో చెప్పమన్నాను. "ఉప్పు సత్యాగ్రహం సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. సోషల్ మాస్టారిగా నా ఛాతీ ఉప్పొంగింది. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరూ అదేనని చెప్పే లోపు గంట కొట్టారు.

పరీక్షలో రాని విషయాన్ని మన బళ్ళో ఎవరూ పట్టించుకోరు గనుక, వారం తిరక్కుండానే స్లిప్ టెస్టు పెట్టాను. ఓటీపీ నిర్వచించుము. ఒక కుర్రాడి జవాబు ముత్యాల్లాంటి దస్తూరీతో ఉంది: "ఓటీపీ అనగా ఒక్కసారి మాత్రమే వాడదగిన రహస్య సంఖ్య. దీనిని ఎవరికీ చెప్పరాదు. ఉదా: 483912."

"ఉదాహరణ ఎక్కడిదిరా?"

"పొద్దున మా నాయనమ్మ ఫోనుకి వచ్చింది సార్. బ్యాంకువాళ్ళు అడిగితే చదివి చెప్పా. అలా గుర్తుండిపోయింది."

నిర్వచనం సరిగ్గా ఉంది, ఉదాహరణ కూడా ఇచ్చాడు. రెండుకు రెండు మార్కులూ వేయక తప్పలేదు. తర్వాత స్టాఫ్ రూముకి తీసుకెళ్ళి 1930కి ఫోన్ చేయించాను.

ఈలోగా పైనుంచి మెసేజ్: డిజిటల్ తరగతి జరిగినట్టు ఫొటో తీసి సాయంత్రం నాలుగులోపు అప్‌లోడ్ చేయాలి. కంప్యూటర్ గది తాళం వెతికి తీయించి, పదిమందిని ఒక కంప్యూటర్ ముందు వరసగా నిలబెట్టాం.

"కవరు తియ్యమంటారా సార్?" అన్నాడు ముందు వరసలో ఒకడు.

"వద్దురా, దుమ్ము లేస్తే ఫొటో మసగ్గా వస్తుంది" అన్నారు హెడ్ మాస్టారు.